ఆరు నిమిషాల నడక

మేస్త్రి ముప్ఫై ఏళ్ళు పెద్ద పెద్ద భవనాల బయటి గోడలకు రంగులు వేశాడు. ఎనిమిదో అంతస్తు దగ్గర తాళ్ళకు వేలాడే పలక మీద నిలబడి, కింద మనుషులు చీమల్లా కనిపిస్తుంటే ఈల వేసుకుంటూ బ్రష్షు ఆడించేవాడు. అలాంటివాడు ఓ రోజు అదే పలక మీద గుండె పట్టుకుని కూలబడ్డాడు. ప్రాణమైతే దక్కింది.

ఇంటికి పంపే ముందు డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. "మందులతోనే పనవదు. పన్నెండు వారాలు వ్యాయామానికి రావాలి. ఉప్పు తగ్గించాలి, పొగ మానాలి. అప్పుడు పరీక్ష చేసి, మళ్ళీ పైకి ఎక్కొచ్చో లేదో చెబుతాం."

"పన్నెండు వారాలేగా! కళ్ళు మూసుకుని చేసేస్తా" అన్నాడు మేస్త్రి. ఒళ్ళు వంచితే ఫలితం రాదా అన్నది అతను పుట్టిబుద్ధెరిగిన నాటి నుంచి నమ్మిన మాట.

వ్యాయామ గది ఆసుపత్రి కింది అంతస్తులో ఉంది. పుట్టీ సరిగా పట్టించకుండా రంగు వేసేశారని గుమ్మంలోనే పసిగట్టాడు. లోపల రెండు ట్రెడ్‌మిల్లులు, మూడు సైకిళ్ళు, చేతులతో సాగదీసే రబ్బరు పట్టీలు ఉన్నాయి. అక్కడ వ్యాయామం చేయించే అమ్మాయి మొదలుపెట్టే ముందోసారి, అయ్యాకోసారి బీపీ చూసేది. మొదటి రోజు నడవాలో అటూ ఇటూ ఆరు నిమిషాలు నడిపించింది. మేస్త్రి రెండు వందల నలభై మీటర్లు నడిచాడు. అతని పక్కనే నడిచిన బస్సు డ్రైవరు ఇంకో ఇరవై ఎక్కువ నడిచాడు.

"మనిద్దరి గుండెలూ ఒకే వారం మొరాయించాయంటే ఏదో చుట్టరికం ఉన్నట్టే బావా!" అని ఆ డ్రైవరు అప్పటికప్పుడే వరస కలిపేశాడు.

డ్రైవరుది నీళ్ళ మీద రాత వ్యవహారం. వారంలో ఒకరోజు ఎగ్గొట్టేవాడు. వచ్చిన రోజు మేస్త్రి చెవిలో, "ఆ అమ్మాయితో అనకు. దారిలో నాలుగు వేపుడు ముక్కలు లాగించా" అని నవ్వేవాడు.

మేస్త్రి ఒక్క రోజూ మానలేదు. చుట్టల కట్ట మురిక్కాలవలో పారేశాడు. తెల్లారకముందే బూట్లు వేసుకుని నడవడానికి వెళ్ళేవాడు. పడుకునే ముందు ఆ అమ్మాయి నేర్పినట్టు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి నెమ్మదిగా తీసి వదిలేవాడు. ఇస్త్రీ పనితో సతమతమయ్యే భార్య, రోజుకు అరచెంచా ఉప్పు కొలిచి, కత్తి వెనకవైపుతో చదును చేసి మరీ వాడేది. ఆవిడా అదే చప్పిడి కూడు తినేది.

ఏడో వారంలో పాదాలు వాచాయి. మేస్త్రి బూట్ల లేసులు వదులు చేసి వాపు దాచాడు. అయినా ఆ అమ్మాయి కంట పడింది. మళ్ళీ స్కానింగు తీశారు, మందులు మార్చారు.

పన్నెండో వారం పరీక్ష, మళ్ళీ అదే ఆరు నిమిషాల నడక. డ్రైవరు నాలుగు వందల ముప్ఫై నడిచాడు. మేస్త్రి రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాడు. రెండు వందల యాభై.

ఆ అమ్మాయి స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. "బాబాయ్, మీ కష్టంలో లోపం లేదు. గుండె కండరం మొదటి రోజే బాగా దెబ్బతింది. ఇంక ఎత్తులు ఎక్కకూడదు. మెట్లు కూడా ఆగి ఆగి ఎక్కాలి."

"మరి నా చేత ఇదంతా ఎందుకు చేయించావమ్మా?"

"చేయకపోతే ఈపాటికి మంచం దిగలేకపోయేవారు."

అది మంచిమాటే. మేస్త్రికి మాత్రం చెంప మీద కొట్టినట్టనిపించింది.

ఇంట్లో సంగతి వినగానే భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. నెమ్మదిగా, "ఏమండీ, నేనే ఎప్పుడైనా చెయ్యి జారి ఉప్పు ఎక్కువేశానేమో" అంది.

తప్పు ఎవరిదో ఒకరిదైతే బాగుండునని అతనికీ అనిపించింది. "నీ తప్పేం లేదే" అనబోయాడు. అనకుండానే వంగి బూట్ల లేసులు విప్పుకోసాగాడు. ఆవిడ దానికి వేరే అర్థం తీసుకుని కొంగు నోట కుక్కుకుంది. అది చూసి కూడా అతను బూట్లు మంచం కిందికి తోసి పడుకున్నాడు.

మర్నాడు నడకకు లేవలేదు. ఆ మర్నాడూ అంతే. నడక మానొద్దని చెప్పడానికి ఆ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేస్తే, బయటికి వెళ్ళారని భార్య చేత చెప్పించాడు.

పదో రోజున డ్రైవరు డ్యూటీ బట్టల్లో వచ్చాడు. నాలుగు అంతస్తులెక్కి వచ్చినా ఆయాసం లేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకెందుకు బాగైందో నాకు తెలీదు బావా" అన్నాడు తల దించుకుని. "ఒట్టు, సిగ్గుగా ఉంది."

"పిచ్చోడా! నీకు బాగైతే నాకు సంతోషం కాదూ?" అన్నాడు మేస్త్రి. ఆ మాట తన నోట్లోనే చేదుగా తగిలింది.

డ్రైవరు బస్సుకు వేళవుతోందని బయల్దేరాడు. తలుపు దాటాడో లేదో మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగిపోసాగాడు. ఆ చప్పుడు కిందిదాకా వినబడుతూనే ఉంది. భార్య బూట్లు తెచ్చి ముందు పెట్టి, "వీధి చివరి దాకా వెళ్ళొద్దాం, నేనూ వస్తా" అంది.

మేస్త్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు.