పెళ్ళిబట్టల్లో వచ్చిన పిట్ట

నేను ఒక పాత బైనాక్యులర్ని. పుట్టింది ఏదో చలిదేశపు ఫ్యాక్టరీలో. నా మొదటి యజమాని ఓడలో పనిచేసేవాడు. సముద్రం కంటే రేవుల్లోని మేడల కిటికీలే నాతో ఎక్కువ చూశాడు. విశాఖలో నన్ను వదిలించుకుంటే టెక్కలి దర్జీ కూర్మారావు చేతికి వచ్చాను. కుడి అద్దం మీద గీత ఉన్నా బేరమాడకుండా కొన్నాడని ఆయన భార్య నీలవేణి ఇద్దరినీ కలిపి తిట్టింది.

చలికాలం ఆదివారాల్లో ముగ్గురం నౌపడ ఉప్పుమళ్ళ గట్టు మీద ఉండేవాళ్ళం. ఉత్తరం నుంచి సీగల్స్, బురదలో ముక్కుతో పురుగులు వెతుక్కునే ఉల్లంకి పిట్టలు గుంపులుగా దిగేవి. నాకైతే అన్నీ ఒకే బూడిదరంగు. ఆయన మాత్రం ముక్కూ కాళ్ళూ చూసి దేని పేరు దానికి చెప్పేవాడు.

"పాతబట్టల్తోటే వచ్చీస్తాయే ఇవి. ఉగాది దాటాక, ఎల్లిపోయే ముందు పెళ్ళిబట్టలు కట్టుకుంటాయి. అప్పుడు సూడాలి ఆ ఎరుపు," అనేవాడు దర్జీ బుద్ధి పోనిచ్చుకోకుండా. నీలవేణి క్యారేజీ విప్పే పనిలో పడి ఆ మాటలు చెవిన పెట్టేది కాదు.

ఆయన చూడాలని తపించింది ఒక్కదాన్నే: గరిటెలాంటి ముక్కున్న బుల్లి ఉల్లంకి. లోకంలో అవి బహు కొద్దే మిగిలాయట. ఆయన పిట్టల పుస్తకంలో దాని ఎర్రమెడ బొమ్మ ఉన్న పేజీ నలిగి మెత్తబడింది. అంతలో షుగరు ఆయన చూపు తినేసింది. ముందు సూదిలో దారం ఎక్కించడం పోయింది, తర్వాత నాతో పని పోయింది. ఆపైన కిడ్నీలు. డాక్టరు పెదవి విరిచాక, ఒక్కసారి గట్టు మీదికి తీసుకెళ్ళమని భార్యను బతిమాలాడు.

పుష్యమాసపు చలి. ఆవిడ ఆయన్ని ఆటోలో తెచ్చి కూర్చోబెట్టి, నన్ను కళ్ళకు ఆనించుకుంది. బురద, నీళ్ళు, రోజూ వచ్చే పిట్టలే. చాలాసేపు వెతికింది. నన్ను దించి ఆయన ముఖం చూసింది.

"వచ్చీసిందండీ మీ పిట్ట."

"ముక్కు?"

"గరిటే."

"మెడ ఏ రంగే?"

"ఎర్రగా ఉంది. అచ్చం బొమ్మలాగే."

ఆయన తడుముకుంటూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"అదే నీలా. అదే," అన్నాడు.

ఉన్నది ఉన్నట్టు చూపించడమే నా పని. నాకు నోరు లేనందుకు ఆ రోజొక్కటే సంతోషించాను.

శివరాత్రి రాకుండానే ఆయన పోయాడు. ఉగాది వెళ్ళాక, ఇంట్లో మిషను ముందు కూర్చోలేక, నీలవేణి నన్ను తీసుకుని ఒంటరిగా గట్టుకు వచ్చింది. ఉల్లంకులు ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాయి. మొన్నటిదాకా బూడిదరంగులో ఉన్న మెడలు, రొమ్ములు ఎర్రబడుతున్నాయి. ఆవిడ నన్ను మెల్లగా దించింది.

"అంటే... చలికాలంలో ఎరుపు ఉండదు," అంది. "ఆయనకి తెలుసు. తెలిసే 'అదే' అన్నాడు."

గట్టు మీద కూలబడి ఏడ్చింది. నా అద్దాలు తడిసి ఆ పూట ఇంకేమీ కనబడలేదు.

ఇప్పటికీ చలికాలం ఆదివారాల్లో నన్ను మెడలో వేసుకుని వస్తుంది. బూడిదరంగు పిట్టల్నే ఒక్కొక్కదాన్ని, ముక్కు ముక్కూ పట్టి వెతుకుతుంది. ఇంకా కనబడలేదు.