నడవకముందే అడుగుల రొట్టె

మా దరీనాకు ఏడాదిన్నర దాటింది, ఇంకా నడవలేదు. నడవని పిల్లకు అడుగుల రొట్టె కాల్చరని మా కార్లోవో ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. బిడ్డ తనంతట తాను అడుగేశాకే రొట్టె కాల్చడం, తెల్లబట్ట పరవడం, ఆ చివర దువ్వెనా కత్తెరా పుస్తకమూ పెట్టి, ఏది పట్టుకుంటే ఆ పనిలో పైకొస్తుందని మురిసిపోవడం. మా అత్తగారు వెల్కా మాత్రం ముందు రొట్టె, తర్వాత నడక అంది.

"పండగ చేస్తే కాళ్లకు సిగ్గొచ్చి అవే లేస్తాయి అమ్మాయ్," అంది పిండి జల్లిస్తూ.

నేను కాదనలేదు. ఆ రోజుల్లో నేను దేన్నీ కాదనడం లేదు. లేవడం, పిల్లకు పెరుగు తినిపించడం, పడుకోవడం, అంతే. పిల్లల డాక్టరు దరీనా కాళ్లూ చేతులూ వంచి చూసి, "ప్లవ్‌దివ్ పట్నంలో నరాల డాక్టరుకు చూపించండి, ఆలస్యం చెయ్యొద్దు" అన్నప్పుడు కూడా బస్సు వేళలు చెబుతున్నట్టే విన్నాను. భయం ఎప్పుడో వచ్చి నాలో కాళ్లు బార్లా చాపుకుని కూర్చుండిపోయింది. రోజూ ఇంట్లోనే ఉండే మనిషి వస్తే ఎవరు లేచి నిలబడతారు?

నా భర్త ప్లామెన్ డాక్టరు మాట చెవిన వేసుకోలేదు. "నేనూ ఆలస్యంగానే నడిచానట, కావాలంటే మా అమ్మని అడుగు" అనేవాడు. ఏ నెలకు పిల్లలు ఏం చెయ్యాలో నేను ఫోన్లో చదువుతుంటే లాక్కునేవాడు. చివరికి ఒక మాట అనుకున్నాం. ఈ రొట్టె పండగ దాకా చూద్దాం, అప్పటికీ నడవకపోతే ప్లవ్‌దివ్ వెళ్దాం. నువ్వొక్కదానివే తీసుకెళ్లలేవా అంటారేమో. వెళ్లగలను. అక్కడ చెప్పేదాన్ని నేనొక్కదాన్నే ఇంటికి మోసుకురావాలి, అదీ నా బాధ.

ఎందుకంటే కాళ్ల సంగతి ఒక్కటే కాదు. దరీనా ఏదందుకున్నా ఎడమ చేత్తోనే. పోయిన మామగారు ఎడమచేతి వాటం వడ్రంగి కావడంతో, "అచ్చం తాత చెయ్యే" అని అత్తగారు అందరికీ చూపించుకునేది. కుడి పిడికిలి ఎప్పుడూ మూసే ఉండేది. స్నానం చేయించేటప్పుడు దాన్ని మెల్లగా విప్పి కడిగేదాన్ని. వదిలితే మళ్లీ మూసుకునేది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం చుట్టాలు వచ్చారు. పక్కింటి పెనా మనవణ్ని వెంటబెట్టుకొచ్చింది. దరీనా ఈడు వాడే, కుర్చీల కింద నుంచి దూరుతూ పరుగులు తీస్తున్నాడు.

"ఏం వెల్కా వదినా, మనవరాలు నడుస్తోందని చెప్పనేలేదు?" అంది పెనా.

"చెబితే నీ దిష్టి తగలదూ!"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వినట్టే ఉన్నాను.

పిల్ల వెంట అడుగులేస్తూ రావాలని అత్తగారు గుండ్రటి రొట్టెను తెల్లబట్ట మీద దొర్లించింది. ప్లామెన్ పిల్లను చంకల కింద పట్టుకుని నిలబెట్టి, చేతులు తీసేశాడు. దరీనా కూలబడింది. మళ్లీ నిలబెట్టాడు, మళ్లీ కూలబడింది. ఆ తర్వాత ఎడమ చేత్తో నేలను నెట్టుకుంటూ, కూర్చున్నది కూర్చున్నట్టే జరగడం మొదలుపెట్టింది. చప్పట్లు సన్నగిల్లాయి.

"పోనీలే వదినా, కూర్చుని చేసే ఉద్యోగమే వస్తుంది," అంది పెనా.

దరీనా చివరికంటా చేరి, ఎడమ చేత్తో దువ్వెన పట్టుకుంది.

"చూశారా, తాత చెయ్యి!" అని అత్తగారు రొట్టె తుంచి తేనెలో ముంచింది. "మొదటి ముక్క మాత్రం కుడిచేత్తోనే తినాలి, నా బంగారు తల్లీ." పిడికిలి విప్పి ముక్క పెట్టింది. వేళ్లు ముడుచుకున్నాయి, ముక్క కింద పడింది. ఇంకోటి తుంచింది. అదీ పడింది. "మొండిఘటం, అచ్చం అమ్మ పోలికే," అంటూ ఈసారి ఒక్కో వేలూ గట్టిగా లాగసాగింది. పిల్ల ముఖం ఎర్రబడింది.

"అమ్మా, వదిలెయ్," అన్నాడు ప్లామెన్. "అది తెరుచుకోదు. నిద్రపోయేటప్పుడు కూడా తెరుచుకోదు."

పెనా మనవణ్ని దగ్గరకు లాక్కుంది.

"ఏం వాగుతున్నావురా?" అంది అత్తగారు.

ప్లామెన్ లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు. నేను వెనకాలే వెళ్లాను. కుళాయి తిప్పి, శుభ్రంగా ఉన్న చేతులే కడుక్కుంటున్నాడు.

"నీకెప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"ఈస్టర్ ముందు నుంచి. నీకు?"

"క్రిస్మస్ నుంచి."

చేతులు కడగడం ఆపి నావైపు చూశాడు. "నీకు తెలియదనుకున్నాను జోర్నిత్సా. అసలే మాటాపలుకూ మానేశావు. ఇది కూడా తెలిస్తే ఏమైపోతావో అని..."

కోపం వచ్చింది. ఎన్నో నెలల తర్వాత నాకంటూ ఏదైనా వచ్చిందంటే అదే. కానీ అతణ్ని ఏమని తిట్టను? నేను చేసిందీ అదేగా. నన్ను అతను కాపాడాడు, అతన్ని నేను కాపాడాను. మధ్యలో పిల్లను ఎవరూ పట్టించుకోలేదు.

గదిలోంచి అత్తగారి గొంతు వినిపిస్తూనే ఉంది. "తెరువమ్మా, ఒక్కసారి తెరువు, నానమ్మ తేనె పెడుతుంది."

"వెళ్లి మీ అమ్మకు చెప్పు," అన్నాను.

"నువ్వు చెప్పకూడదూ?"

నీళ్లు పోతూనే ఉన్నాయి. చివరికి అతనే కుళాయి కట్టేసి వెళ్లాడు. అప్పటికి చుట్టాలు ఒక్కొక్కరే కోట్లు తొడుక్కుంటున్నారు. ప్లామెన్ నేల మీద తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, రేపు ప్లవ్‌దివ్ వెళ్తున్నాం. డాక్టరు ఎప్పుడో చెప్పాడు, మేమే వెళ్లలేదు. ఇక లాగకు, దానికి నొప్పి."

అత్తగారు కొడుకు ముఖంలోకి చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను గుమ్మంలో నిలబడి, ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఆమె పిల్ల చెయ్యి వదల్లేదు, విప్పడానికీ ప్రయత్నించలేదు. తేనె అంటిన ఆ పిడికిలిని మూసి ఉన్నది ఉన్నట్టే రెండు చేతుల్లోకి తీసుకుని కూర్చుంది.