రోడ్డు వైపు వేపమండ

"ఎదిగే పిల్లలకి మేత తగ్గిస్తే తూకం రాదు. నిన్న ఆ గడ్డేంటి, గుప్పెడేశావ్?" అన్నాడు మా ఆయన కోటి, తాగిన టీ గ్లాసు నా చేతికిచ్చి. ఎదిగే పిల్లలంటే మా పావని కాదు, షెడ్డులో గినీ పందులు. పేరుకే పందులు, తోకలేని బొద్దు ఎలుకల్లా ఉంటాయి. పెంపుడు జంతువుల దుకాణాలకి పంపే ఏజెంటు శుక్రవారం వస్తాడు. తెచ్చింది ఆయన, మేపేది నేను. పాచిపనీ పొయ్యీ అయ్యాక కొడవలి పట్టుకుని ఇంటి వెనక వరి గట్టుకి పోతాను. నా అడుగుల చప్పుడు వింటే చాలు, కుయ్ కుయ్‌మంటాయి. ఈ ఇంట్లో నేను వస్తే సంతోషపడేవి అవే.

ఆ రోజూ మోపు కోసి తెచ్చాను. కొంచెం ఘాటు వాసన వచ్చింది. పంట కాలంలో మా బాళగనూరు గాలంతా అదే పురుగుమందు వాసన, పట్టించుకోలేదు. రెండేళ్ల పావని నా పక్కన కూర్చుని జాలీ సందులోంచి ఒక్కో పరకే అందించింది. వాటికొకటి, తన నోట్లో ఒకటి. "ఛీ, ఉమ్మేయ్" అని నవ్వాను. నవ్వాను, అంతే. నోరు కడగలేదు.

పదకొండింటికి షెడ్డులో చప్పుడు ఆగిపోయింది. వెళ్లి చూస్తే నాలుగు పిల్లలు పక్కకి ఒరిగి, మూతి నిండా నురగతో వణుకుతున్నాయి.

"పొద్దస్తమానం పిల్లని చంకనేసుకు తిరిగితే మూగజీవాలు చావవూ?" అంది అత్తయ్య గడప దిగకుండానే.

కలుపు తీసే యంకవ్వ నీళ్లకొచ్చి తొంగి చూసింది. "ఏం గడ్డి ఏసినవమ్మా? నిన్న పొద్దుగూకినంక మీ గట్టుకు మందు కొట్టిండ్రు గద. ఏపమండ పాతిండ్రు, జూడలేదా?"

"ఎక్కడ?"

"రోడ్డు దిక్కు. ఊరోళ్ల బర్రెలు పడొద్దని."

మందు కొట్టిన గట్టు మీద వేపమండ పాతడం ఇక్కడి ఆనవాయితీ. అంటే ఊళ్లో బర్రెలన్నిటికీ కబురందింది. ఇంటివైపు నుంచి పోయే నాకే అందలేదు. ఆయనకి ఫోన్ చేస్తే, "నీకు చెప్పి కొట్టాలా మందు?" అన్నాడు.

నేను పావనినే చూస్తున్నాను. ఆట మాని గోడకి ఆనుకుంది. చొంగతో గౌనంతా తడిసింది. ముఖం వెలుతురుకి తిప్పితే కంటిపాప ఆవగింజంత అయిపోయింది.

"పళ్లొస్తున్నాయేమోలే," అంది అత్తయ్య.

"ఏజెంటుకి తెలిస్తే ఒక్కటి కూడా తీసుకోడు," అంటున్నాడు ఫోన్లో ఆయన. "ఆసుపత్రికి పోతే పో. అడిగితే బజ్జీ తిందని చెప్పు. మందు మాటెత్తావంటే కేసవుద్ది."

గట్టు చివర పారేసిన మందు డబ్బా తీసుకున్నాను. తొమ్మిదో తరగతిలోనే నా బడి మాన్పించారు. దాని మీది ఇంగ్లీషు నాకు చదవడం రాదు. ఎర్ర త్రికోణం, పుర్రె గుర్తు చూడ్డానికి చదువు అక్కర్లేదు.

మా ఊరి భీమేశ్ ఆటో సింధనూరు ఆసుపత్రికి చేరేసరికి పాప మెడ నా భుజం మీద వాలిపోయింది. "ఏన్ తిందాళమ్మా?" అంది నర్సు, సిరంజి కవరు చింపుతూ. ఏం తిందని. సంచిలో ఫోను మోగుతూనే ఉంది.

డబ్బా బల్ల మీద పెట్టాను. "మా ఆయన కొట్టిన మందు. నేను కోసిన గడ్డి. ఇద్దరి పేర్లూ రాసుకోండి."