భాష ఫుల్

అమీర్‌పేటలో కమలకుమారి గారి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసంటే మాటలా! అక్కడ చదివి పోయినవాళ్లంతా ఒక్కసారి గుడ్ మార్నింగ్ అన్నారంటే హుస్సేన్‌సాగర్ గట్టు తెంచుకుని పారాల్సిందే. అంతటి క్లాసుకు రోజూ అందరికంటే ముందొచ్చి చివరి బెంచీలో కూర్చునేవాడు బోరబండ విజయేందర్. ఇంట్లో గలగలా మాట్లాడేవాడే. బయటివాళ్ల ముందు మాత్రం నోరు ఇప్పుడు కదిలితే మాట మూడు నిమిషాలకు వచ్చేది. మెట్రో అమీర్‌పేటలో కదిలి పంజాగుట్టలో ఆగేంతసేపన్నమాట. అమీర్‌పేట గేటు దగ్గర అతను పెట్టిన నమస్తేకి పంజాగుట్ట సెక్యూరిటీ అన్న బదులు చెప్పేవాడు.

పదకొండు ఇంటర్వ్యూలు పోయాయి. మూడు నిమిషాలు ఆగే ఆఫీసరు ఇంకా పుట్టలేదు. ఇవాళ్టిది పన్నెండోది, పంజాగుట్టలో, ఓ ఫ్రిజ్‌ల కంపెనీ ఫిర్యాదుల విభాగంలో. ఇదీ పోతే సోమవారం నుంచి మామ వెంట సెంట్రింగ్ పనికి పోవాలి.

బయల్దేరబోతుంటే కమలకుమారి గారు అతని రెజ్యూమె చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఏంటి నాయనా ఇది? 'నేను బాష్‌ఫుల్' అని రాశావేంటి?"

విజయేందర్ గర్వంగా చెప్పాడు. మూడు నిమిషాలకు వినబడింది: "భాష ఫుల్ మేడం. భాష నిండుగ ఉన్నోడు."

ఆవిడ తల పట్టుకున్నారు. "సిగ్గరి అని అర్థంరా! మూలం పాత ఫ్రెంచి. ఆశ్చర్యంతో నోరు తెరుచుకుని ఉండిపోవడం. అందులోంచి అబాష్ పుట్టింది, దాని తల తెగితే బాష్ మిగిలింది."

ఆ రెజ్యూమె పోయినవారమే పంపేశాడు. అతని గుండె మెట్రో కంటే ముందు పంజాగుట్ట చేరింది. చొక్కా పిండితే బోరబండకు రెండు రోజుల నీళ్లు!

ఆఫీసులో ఇంటర్వ్యూ చేసే అనుపమ మేడం ఆ కాగితం ఎత్తింది. "బాష్‌ఫుల్ అని రాసినవ్. అర్థం తెల్సా?"

విజయేందర్ చెప్పాల్సిందంతా చెప్పాడు. నోరైతే తెరుచుకుంది, మాట ఇంకా దారిలోనే ఉంది. ఆమె ఇంకో పేరు పిలవబోతుండగా బల్ల మీద ఫోన్ మోగింది.

"పోనీ, గిది మాట్లాడు, చూస్త," అని స్పీకర్ నొక్కింది.

"ఏంటండీ మీ కంపెనీ!" శ్రీనగర్ కాలనీ నుంచి నాగేశ్వరి గారట. "నాలుగోసారి చేస్తున్నా! పాలు విరిగాయి, ఇడ్లీ పిండి పులిసి గిన్నె దాటి పొంగింది!"

"చెప్పండమ్మా," అన్నాడు విజయేందర్. వినబడలేదు. ఆవిడ దులిపేసింది. ఆ గొంతుకి ఫ్లైఓవర్ మీద బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి! అడ్డొచ్చేవాళ్లు లేక తిట్లన్నీ అయిపోయాక, "వింటున్నారా?" అంది నీరసంగా.

అప్పుడొచ్చింది మాట, మూడు నిమిషాల కింద అనుపమకు చెప్పిన జవాబు.

"సిగ్గరి అని అర్థమట. ఇయ్యాల పొద్దుగాలనే తెల్సింది. భాష ఫుల్ అనుకొని రాసిన. అయినా అబద్ధం రాయలే. లోపల మాటలు మస్తున్నయి, బయటికొచ్చేసరికి లేటైతది. పొమ్మనకుండ్రి, జర ఆగుండ్రి."

ఫోన్‌లో గొంతు మెత్తబడింది. "ఫర్వాలేదు బాబూ," అంది నాగేశ్వరి. "నిదానంగా చెప్పు, ఆగుతాను."

అనుపమ తలుపు తీసి, బయట కూర్చున్నవాళ్లను పంపించేసింది. "మా ఆఫీసు పిల్లలు కస్టమర్ నోరు తెరవంగనే ఎదురు మాట్లాడుతరు. నువ్వైతే ఆఖరిదాక వింటవ్, రేపట్నుంచి రా."

"థాంక్యూ మేడం," అన్నాడు విజయేందర్.

ఆమె కుర్చీ లాక్కుని, పని పక్కన పెట్టి, మూడు నిమిషాలు కూర్చుంది.