తెలిసిన జబ్బే కదా

మా అత్తగారికి తలస్నానం చేయించాలంటే ముందు ఆవిణ్ణి నమ్మించాలి. నీళ్లు కాలవని, సబ్బు కళ్లలో పడదని, నేను దొంగను కానని. ఈ ఉదయం తొందరగానే నమ్మింది. వంటింటి సింకుకు వీపు పెట్టించి కూర్చోబెట్టి, మెడ కింద తువ్వాలు మడతపెట్టి నీళ్లు పోశాను.

నా రెండు చేతుల మధ్య ఉన్న ఈ తల గురించి నాకు చాలానే తెలుసు. మెదడులో కాపలా కణాలుంటాయి. చెత్త ఊడ్చుకుంటూ అణిగిమణిగి ఉంటాయి. ముసలితనంలో వాటికి తిక్కరేగుతుంది, లోపల మంట పెడతాయి, బతికున్న నరాలనే కొరుక్కుతింటాయి. ఆ మంట చల్లార్చే మందు కోసం నా సగం జీవితం ఖర్చయింది. ఆవిడకు మతిమరుపు మొదలైనప్పుడు మా ఆయన మైరన్ ముఖంలో దిగులు కంటే నిశ్చింతే ఎక్కువ కనిపించింది.

"బయటి మనిషి ఎందుకు లారిస్సా? నీకు తెలిసిన జబ్బే కదా!"

కాల్గరీలో ఉన్న మరిది బోదాన్ ఫోన్‌లో వంతపాడాడు. "మా అమ్మది అదృష్టం వదినా, ఇంట్లోనే సైంటిస్టు!" ఇంజను తయారుచేసేవాణ్ణి పిలిచి కారు కడగమన్నట్టుంది వీళ్ల వరస. ఆ మాట అప్పుడే అనాల్సింది. అనలేదు. పొద్దున అత్తగారి దగ్గర, మధ్యాహ్నం ల్యాబులో గడుపుతూ వచ్చాను. ల్యాబులో మా పెద్దాయన నా అవస్థ చూసి జాలిపడ్డాడు. "ఎలుకల పని డెరెక్‌కి అప్పగించెయ్. ఇంటి బాధ్యతలున్నాయి కదా నీకు." నాతో పనిచేసే డెరెక్‌కీ ఇంట్లో ముగ్గురు పిల్లలున్నారు. వాళ్లు మాత్రం బాధ్యతల కిందికి రారు. పని అతని చేతికి పోతే, రేపు పేరూ అతనిదే.

ఆ మందు పెడుతూ రెండేళ్లు పెంచిన ఎలుకలవి. ముసలివైపోయాయి. ఇవాళ వాటి మెదళ్లు తీసి చూడాలి. ఆలస్యమైతే అవే ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి, ఆ మంట ఆరిందో లేదో ఎప్పటికీ తెలియదు. పొద్దున ఆ మాట చెబితే మైరన్ బూట్లు తొడుక్కుంటూ, "ఎలుకలు రేపటిదాకా ఆగవా?" అన్నాడు. అతని ఇన్సూరెన్స్ ఆఫీసు ఈ వీధి చివరే.

"చెయ్యి మెత్తన నీది," అంది అత్తగారు కళ్లు మూసుకుని. "రోజూ నువ్వే వస్తావా అమ్మాయ్?"

"నేనే అత్తయ్యా."

ఆ పిలుపు ఆవిడకు పట్టలేదు. "జీతం సరిగ్గా ఇస్తున్నాడా మావాడు? గట్టిగా అడుగు. పిసినారి వెధవ. డబ్బు మిగుల్తుందని ప్రతిదానికీ పెళ్లాన్నే పిలుస్తాడు. పిలవకురా అంటే వినడు."

సబ్బు రుద్దుతూనే అడిగాను. "ఆవిడ వస్తే తప్పేంటండీ?"

"రాకూడదు! దానికి పనుంది. నాలాంటి ముసలాళ్ల బుర్రలకి మందు కనిపెడుతోంది. పెద్ద చదువు. మా వంశంలో అంత చదివినవాళ్లు లేరు."

ఏడుపు రాలేదు నాకు. ఒళ్లు మండింది. ప్రతి క్రిస్మస్ రాత్రీ నిండు బల్ల ముందు, చుట్టాలందరూ వింటుండగా ఈవిడే కదా అనేది, "మా కోడలికి ఎలుకల్ని కోయడం వచ్చు గానీ పెరోగీ కుడుముల అంచు నొక్కడం రాదు" అని! అందరితో పాటు నేనూ నవ్వేదాన్ని. ఇంత మాట కడుపులో దాచుకుని, ఇన్నేళ్లలో ఒక్కసారైనా నా ముఖాన అనలేదు. చివరికి పనిమనిషికి చెబుతోంది.

"ఆ కోడలి పేరేంటండీ?"

ఆవిడ చాలాసేపు వెతుక్కుంది. నురగ చెవి మీదికి జారితే తుడిచాను.

"పేరు గుర్తులేదు," అంది. "పని గుర్తుంది."

తల తుడిచి, దువ్వి, చలి తగలకుండా శాలువా కప్పాను. టీ ఇచ్చాను. నా చలికోటు తొడుక్కుని తలుపు పక్క కుర్చీలో కూర్చుని మైరన్‌కి ఫోన్ చేశాను.

"ఇంటికి రా. నేను ల్యాబుకి వెళ్లాలి. రేపటినుంచి పొద్దున పూట నువ్వో, నువ్వు పెట్టే మనిషో."

"ఇప్పుడా? రేపట్నించా? అదేంటి లారిస్సా, నాకేం తెలుసు ఆ జబ్బు గురించి?"

"జబ్బు తెలియకపోతే ఏం, మైరన్? నీకు తెలిసిన అమ్మే కదా."