గోడ మీది కుటుంబం

పాత జనాభా లెక్కల్లో పూర్వీకులను వెతికిపెట్టడంలో పెన్సిల్వేనియాలోని ఆ బొగ్గుగనుల ఊళ్లో డొలోరెస్‌ను మించినవాళ్లు లేరు. ఈ మాట ఎక్కువగా డొలోరెసే అనేది. నెలకో శనివారం లైబ్రరీలో పాఠం కూడా చెప్పేది. ఊరందరి ముత్తాతలనూ పట్టుకొచ్చిన ఈ ఘనురాలికి 1910 లెక్కల్లో సొంత తాత ఇల్లు మాత్రం దొరకలేదు. వాళ్ల ఇంటిపేరు హ్వోజ్దోవిచ్. దాన్ని ఎన్ని రకాలుగా తప్పు రాయొచ్చో అన్ని రకాలుగానూ రాసుకుని పదకొండేళ్లుగా వెతుకుతోంది.

అదేమీ సరదా కాదు. రెండువేల సంవత్సరం నాటికి మేనత్త మెలానియాకు ఎనభై నాలుగేళ్లు. ఆమె పుట్టకముందే ఒక అక్క పోయింది. ఆ పిల్ల పేరు తల్లి మళ్లీ నోటితో పలకలేదు. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలం శనివారాల్లో చర్చిలో ఫాదర్ ఒక్కో ఇంట్లో చనిపోయినవాళ్ల పేర్లు చదివేటప్పుడు, వీళ్ల జాబితా చివర "ఒక పసిబిడ్డ" అని మాత్రమే వినిపించేది.

"నేను పోయేలోగా దాని పేరు ఓసారి చెవిన పడితే చాలే," అనేది అత్త.

ఆ శనివారం అత్తను ఒంటరిగా వదల్లేక లైబ్రరీకి తీసుకెళ్లి, వెనక కుర్చీలో కూర్చోబెట్టింది. తప్పుడు రాతలకు ఉదాహరణగా, ఏడేళ్లుగా జనాన్ని నవ్వించడానికి వాడే 1910 లెక్కల పేజీనే ప్రొజెక్టర్‌తో మళ్లీ గోడమీద వేసి చూపించింది.

"చూడండి, ఇంటిపేరు 'గాస్‌వీట్' అట. రాసినాయన చెవుల్లో దూది పెట్టుకున్నాడేమో. పాపం, వీళ్ల మనవలు ఎక్కడ తల బాదుకుంటున్నారో."

అందరూ నవ్వారు, అత్త తప్ప.

"ఆ పేజీలో వీళ్లకి పైన రాసిన ఇంట్లో ఎవరే?" అని అడిగింది అత్త.

"బక్షా వాళ్లు."

"కింద?"

"సీవాక్ అని ఒకావిడ. భర్త లేడు."

"రొట్టెలు కాల్చే పొయ్యి మా వాకిట్లో ఉండేది. మూడిళ్లకీ అదొక్కటే. ఇటు బక్షా, అటు సీవాకమ్మ. మధ్యలో మేమేనే."

"అత్తా, పాఠం జరుగుతోంది."

"పేరు కాదు, ఆ పొయ్యి చుట్టూ ఉన్నవాళ్లని వెతకవే అని పదేళ్లనాడే చెప్పా. 'నీకు తెలీదులే అత్తా, దీనికో పద్ధతుంది' అన్నావు."

అలా అన్న మాట నిజమే. ఆ పద్ధతిని అచ్చు వేయించి పంచిపెట్టింది కూడా.

డొలోరెస్ గోడ దగ్గరికి వెళ్లి, ఇంటిపేరు దాటి మిగతా వరుసలు మొదటిసారి చదివింది. వాసిల్. భార్య ఏవా. కొడుకు మిట్రో, నాలుగేళ్లు. మిట్రో అంటే ఆమె నాన్నే. కన్నతండ్రిని ఏడేళ్లపాటు గోడమీద నిలబెట్టి ఊరందరి చేత నవ్వించింది. ఆ కింద, ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా, కూతురు పరాస్కా, రెండేళ్లు.

తపస్సుకాలం ఇంకా నడుస్తోంది; తర్వాతి శనివారం చర్చిలో ఫాదర్ చదువుతూ చదువుతూ వీళ్ల జాబితా చివరికొచ్చాడు. "పరాస్కా" అన్నాడు.

అత్త సిలువ గుర్తు వేసుకుంది. "ఇంకోసారి చదవమనవే," అంది, చర్చంతా వినబడేలా.

ఫాదర్ మళ్లీ చదివాడు. డొలోరెస్ ఏడ్చింది. పక్కవాళ్లు ఏమైందని అడిగినా, ఆవిడ మొదటిసారిగా ఎవరికీ ఏమీ వివరించలేదు.