నీలం నాడా

ఉదయం ఏడింటికే ఆవిడ సభా భవనం గుమ్మం ముందు బల్ల తుడిచి, బ్యాడ్జీలు పరిచేసింది. పిలుపు మీద వచ్చే గెస్టుకు బ్యాడ్జీని మెడలో వేలాడదీసే ఆకుపచ్చ నాడా. సంఘం తరఫున మాట్లాడే డెలిగేటుకు ఎరుపు. కూర్చుని విని పోయే అటెండీకి తెలుపు. వేదికెక్కవలసిన పార్టిసిపెంటుకు నీలం. అందరూ వచ్చినవాళ్లే కదా అంటే ఆవిడ ఒప్పుకోదు. ఉద్యోగంలో చేరిన ఏడు, నాట్యం చూడడానికి వచ్చిన ఒక పెద్దమనిషి మెడలో పొరపాటున నీలం వేసింది. నిర్వాహకులు ఆయన్ను వేదిక మీదికి లాక్కుపోయారు. పాపం, ఆయన నాలుగు గంతులు వేసి మరీ దిగాడు.

అది జరిగి ఇరవై ఏడేళ్లు. ఈ సాయంత్రంతో కొలువు ముగుస్తుంది. ఇవాళ పాటగాళ్ల సభ. ఏటా ముగింపులో వాళ్లంతా కలిసి పాడే పాట, తలుపు సందులోంచి వినీ వినీ ఆవిడకు కంఠతా వచ్చింది. ఒక్కసారి లోపల నిలబడి పాడాలన్న కోరిక వదినకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ వదిన, అంటే అన్న భార్య, పదిన్నరకు ముస్తాబై వచ్చి ఆకుపచ్చ నాడా కావాలంది. గెస్టులకు మెత్తటి కుర్చీలు వేస్తారని విన్నదట.

"నిన్నెవరు పిలిచారు వదినా?"

"నువ్వే. పొద్దున ఫోన్లో."

"పిలిచింది నేను, సభ కాదు. తెల్లది వేసుకో."

"ఆడపడుచు పెత్తనం ఇంట్లో చాలక ఇక్కడ కూడానా" అంటూనే వదిన మెడ వంచింది.

సాయంత్రం మేనేజరు ఆవిడ పేరు రాయించిన ఆకుపచ్చ బ్యాడ్జీ తెచ్చి, ఇవాళ మీరే మా గెస్టు, ముందు వరసలో కూర్చోండి అన్నాడు. ఆవిడ కళ్లు చెమర్చాయి. బ్యాడ్జీని చేతిలో అటూ ఇటూ తిప్పింది. వదిన మోచేత్తో పొడిచింది.

"నీకు కూర్చోవాలనుందా, పాడాలనుందా? నోరు విప్పి చెప్పు."

ఆవిడ గొంతు సవరించుకుంది. "నాకు నీలం కావాలి సార్."

"నీలం వేసుకుంటే పాడాలి కదమ్మా."

"అందుకే సార్."

మేనేజరు నవ్వి, బృందం పెద్దను అడిగి వచ్చాడు. వెనక వరసలో ఒక మనిషికి చోటుందట. ఆవిడ తన మెడలోని స్టాఫ్ కార్డు తీసి బల్ల మీద పెట్టి, నీలం నాడా తనే వేసుకుని, వెనక్కి చూడకుండా లోపలికి నడిచింది.

పాట తలుపులు దాటి వినిపించింది. అది ముగియకముందే వదిన చప్పట్లు మొదలయ్యాయి.

బయట ఖాళీ బల్ల మీద ఆ పాత కార్డు వెల్లకిలా పడి ఉంది. ఫోటోలో నల్లటి జడ ముందుకు వేసుకున్న పడుచుపిల్ల, పెదవులు గట్టిగా బిగించుకుని.